రిస్క్ వెయిట్లు మారిన వారం: ఒక ఇంటర్న్ క్రెడిట్ మార్కెట్ కాల్‌కు సిద్ధమైన తీరు

ముంబైలోని ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థలో, డెట్ విభాగంలో క్రెడిట్ విశ్లేషణ నా పని. ప్రతి సోమవారం ఉదయం బాండ్ల మార్కెట్ తెరవకముందే మాకు ఒక కాల్ ఉంటుంది. ఫండ్ మేనేజర్లు, డీలర్లు, రిస్క్ విభాగం వాళ్లు, పంపిణీదారులతో రోజూ మాట్లాడే సేల్స్ బృందం అందరూ అందులో ఉంటారు. గడిచిన వారంలో ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ (ఇప్పటి ధరకు కొంటే వచ్చే రాబడి శాతం) ఎటు కదిలింది, కంపెనీ బాండ్ల స్ప్రెడ్‌లు (ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ కంటే వాటి ఈల్డ్ ఎంత ఎక్కువో ఆ తేడా) పెరిగాయా తగ్గాయా, కొత్తగా ఎవరు ఎంతకు అప్పు తెచ్చుకున్నారు, ఎవరి రేటింగ్ మారింది, బ్యాంకుల దగ్గర నగదు ఎలా ఉంది, రాబోయే రోజుల్లో ఏమున్నాయి అన్నవి చర్చకు వస్తాయి. దానికి ముందు ఒక పేజీ నోటు అందరికీ వెళ్లాలి. ఆ నోటు తయారుచేయడం, కాల్ మొదట్లో దాన్ని నోటితో చెప్పడం ఇంటర్న్ బాధ్యత.

ఈ పనిని అంకెలు పోగుచేసే పనిగా చూసేవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోను. అంకెలు ఎవరికైనా తెర మీద కనిపిస్తూనే ఉంటాయి. కాల్‌లో కూర్చున్న డీలర్‌కు అవి ఇంటర్న్ కంటే ముందే తెలుసు. వాళ్లకు కావలసింది అంకె వెనక ఉన్న కారణం. ఆ కారణం మన చేతిలో ఉన్న బాండ్ల వరకు ఏ దారిలో చేరుతుందో చెప్పగలగడమే తయారీ. 2023 నవంబర్ మూడో వారంలో మా దగ్గర పనిచేసిన ఒక ఇంటర్న్ అనుభవాన్ని అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒకే వారంలో మూడు వేర్వేరు సంగతులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వాటిని విడదీయడమే ఆ వారం అసలు పని.

అతనిది ఖమ్మం జిల్లా. హైదరాబాదులో ఎంబీఏ చదువుతూ మా దగ్గరకు వచ్చాడు. కాల్ ఇంగ్లీషులోనే సాగుతుంది గానీ, తయారీ అంతా మేమిద్దరం తెలుగులోనే చేసుకునేవాళ్లం. విషయం తెలుగులో తడబడకుండా చెప్పగలిగితే అది అతనికి పట్టుబడినట్టేనని నాకు నమ్మకం కుదిరేది.

ముందుగా ఇచ్చిన అభ్యాసం

కొత్తగా వచ్చినవాళ్లకు స్ప్రెడ్ గురించి పుస్తకంలోంచి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అతనికి తెలిసిన ఊళ్ల బాండ్లే రెండు ఇచ్చాను. 2018 ఫిబ్రవరిలో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయలు సేకరించింది. అదే ఏడాది ఆగస్టులో ఏపీ సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అమరావతి బాండ్ల ద్వారా 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు తెచ్చుకుంది. రెండూ బీఎస్ఈలో నమోదయ్యాయి. ఈ రెండింటి మధ్య తేడా ఎందుకో రాసుకు రమ్మన్నాను.

"142 బేసిస్ పాయింట్లు మేడమ్. అమరావతికి రిస్కు అంత ఎక్కువని మార్కెట్ అనుకుంది" అన్నాడు. బేసిస్ పాయింట్ అంటే ఒక శాతంలో నూరో వంతు.

"ఆ ఆరు నెలల్లో రిజర్వు బ్యాంకు ఏం చేసిందో చూశావా?" అని అడిగాను.

వెళ్లి చూసుకు వచ్చాడు. 2018 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) పావు శాతం చొప్పున పెరిగింది. ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ కూడా ఫిబ్రవరి నాటికంటే పైకి వెళ్లింది. అంటే 142లో కొంత భాగం అమరావతిది కాదు, కాలానిది. మిగిలినదాంట్లోనూ అన్నీ ఒకే రకం కారణాలు కావు. ఒకవైపు ఏళ్లుగా ఆస్తి పన్ను వసూలు చేస్తున్న నగరం ఉంది. మరోవైపు ఇంకా కట్టాల్సిన రాజధాని, దానికి రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉన్నాయి. ఇష్యూ పరిమాణం పదిరెట్లు. ఇవన్నీ విడదీశాక గానీ రిస్కుకు ఎంత ధర పడిందన్న ప్రశ్న అడగడానికి వీలు పడదు.

స్ప్రెడ్ అంటే రెండు ఈల్డ్‌ల తేడా. తక్కెడ ముల్లు కదిలిందంటే ఏ పళ్లెం కదిలిందో చూడాలి కదా, ఇదీ అంతే. ఈ ఒక్క అలవాటు ఉంటే ఇంటర్న్ సగం సిద్ధమైనట్టు.

ఆ వారం జరిగినవి

దీపావళి సెలవు వచ్చిన వారం అది. నవంబర్ 14, మంగళవారం రాత్రి అమెరికా ద్రవ్యోల్బణం గణాంకాలు వచ్చాయి. సెప్టెంబర్‌లో 3.7 శాతంగా ఉన్నది అక్టోబర్‌లో 3.2 శాతానికి దిగింది. అమెరికా ట్రెజరీ ఈల్డ్‌లు ఆ రోజు గట్టిగా పడ్డాయి. మరుసటి రోజు మన ప్రభుత్వ బాండ్ల ఈల్డ్ కూడా ఆ ప్రభావంతో కొంత తగ్గింది.

15వ తేదీన రిజర్వు బ్యాంకు బజాజ్ ఫైనాన్స్‌ను రెండు రకాల రుణాలు ఇవ్వడం వెంటనే ఆపమని ఆదేశించింది. ఒకటి ఈకామ్, రెండోది ఇన్‌స్టా ఈఎంఐ కార్డు. డిజిటల్ రుణాల మార్గదర్శకాలు పాటించకపోవడం దానికి కారణం.

16వ తేదీ, గురువారం రిజర్వు బ్యాంకు నుంచి మరో సర్క్యులర్ వచ్చింది. బ్యాంకులు ఇచ్చే వినియోగ రుణాల మీద రిస్క్ వెయిట్ (అప్పులో ఎంత శాతాన్ని లెక్కలోకి తీసుకుని మూలధనం పక్కన పెట్టాలో చెప్పే కొలత) 100 నుంచి 125 శాతానికి పెరిగింది. ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలు, ఇచ్చే వినియోగ రుణాలకూ అంతే. బ్యాంకుల క్రెడిట్ కార్డు బకాయిలకు 125 నుంచి 150కి, ఎన్‌బీఎఫ్‌సీల కార్డు బకాయిలకు 100 నుంచి 125కి పెంచారు. ఇక మాకు అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బ్యాంకులు ఎన్‌బీఎఫ్‌సీలకు ఇచ్చే అప్పుల మీద రిస్క్ వెయిట్, అప్పటికి 100 శాతం లోపు ఉన్న సందర్భాల్లో, మరో 25 శాతం పాయింట్లు పెరిగింది.

ఇది ఊహించనిదేమీ కాదు. అక్టోబర్ 6 నాటి ద్రవ్య విధాన ప్రకటనలోనే అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ కొన్ని రకాల వినియోగ రుణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయని హెచ్చరించారు. అయినా హెచ్చరిక వేరు, మూలధనం లెక్క మార్చడం వేరు. శుక్రవారం బ్యాంకుల షేర్లు, ఎన్‌బీఎఫ్‌సీల షేర్లు దిగాయి. ఎన్‌బీఎఫ్‌సీ బాండ్లకు కొనుగోలుదారులు ఎక్కువ ఈల్డ్ అడగడం మొదలుపెట్టారు.

ఆదివారం అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్. సోమవారం మా కాల్. అదే రోజు, 20వ తేదీ, జీఎస్టీ చెల్లింపుల గడువు. బ్యాంకింగ్ వ్యవస్థలో నగదు అప్పటికే లోటులో ఉంది. ఇలాంటి వారానికి నోటు రాయడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు కష్టమే. కానీ దీనికంటే మంచి పాఠం దొరకదు.

శుక్రవారం సాయంత్రపు మొదటి ప్రతి

అతను తెచ్చిన మొదటి ప్రతిలో ఒక వాక్యం ఇలా ఉంది: 'ఆర్‌బీఐ చర్య వల్ల మూడేళ్ల ఎన్‌బీఎఫ్‌సీ బాండ్ల స్ప్రెడ్ 14 బేసిస్ పాయింట్లు పెరిగింది.' చూడటానికి బాగుంది. వార్తాపత్రికలో అచ్చయినా ఎవరూ తప్పుపట్టరు. మా కాల్‌లో మాత్రం ఒక్క ప్రశ్నకు కూడా నిలబడదు.

ఎందుకో చెప్పడానికి లెక్క కావాలి. మా సంస్థ లోపలి అంకెలు ఇక్కడ రాయకూడదు కాబట్టి, వాటి పోలికలో నేను తయారుచేసిన ఉదాహరణ అంకెలు వాడుతున్నాను. ఎఎఎ (అత్యున్నత) రేటింగ్ ఉన్న ఒక ఎన్‌బీఎఫ్‌సీ మూడేళ్ల బాండు ఈల్డ్ ముందు శుక్రవారం 7.90 శాతం, ఈ శుక్రవారం 7.98 శాతం. అదే కాలపరిమితి గల ప్రభుత్వ బాండు ముందు 7.30, ఇప్పుడు 7.24. తేడా 60 నుంచి 74కు చేరింది. పెరిగినవి 14. అందులో కంపెనీ బాండు కదిలింది 8 మాత్రమే. మిగిలిన 6 అమెరికా ద్రవ్యోల్బణం వల్ల ప్రభుత్వ బాండు కిందికి దిగడంతో వచ్చాయి. మొత్తం 14నూ రిజర్వు బ్యాంకు ఖాతాలో వేస్తే కారణం చెప్పినట్టు కాదు, కారణాన్ని దాచినట్టు.

ఇంకొక లోతైన సంగతి కూడా ఉంది. మన దేశంలో ప్రభుత్వ బాండ్ల ఈల్డ్‌ను ఆరు నెలలకోసారి చక్రవడ్డీ పద్ధతిలో చెబుతారు. కంపెనీ బాండ్లది ఏడాదికోసారి చక్రవడ్డీ పద్ధతి. ఈ రెండింటినీ అలాగే తీసివేస్తే తేడా తప్పుగా వస్తుంది. 7.24 శాతాన్ని ఏడాది పద్ధతికి మారిస్తే 7.37 అవుతుంది. అప్పుడు స్ప్రెడ్ 74 కాదు, 61. ముందు వారపు 7.30 కూడా 7.43 అవుతుంది, కాబట్టి అప్పటి స్ప్రెడ్ 47. మార్పు దాదాపు అదే 14. కానీ స్థాయి 13 పాయింట్లు తేడాగా ఉంది. 'ఈ స్థాయిలో కొనవచ్చా' అని ఫండ్ మేనేజర్ అడిగినప్పుడు ఆ 13 చిన్నవి కావు. కొన్ని సంస్థలు మార్చకుండానే తేడా చెప్పుకుంటాయి. ఏ పద్ధతి వాడినా తప్పులేదు, ప్రతి వారం అదే వాడాలి, ఏది వాడామో నోటు కింద రాయాలి. పాత అంకెలు ఒక పద్ధతిలో, కొత్తవి ఇంకో పద్ధతిలో ఉంటేనే ప్రమాదం.

తరువాత 7.98 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఎక్స్ఛేంజీలకు నివేదించిన లావాదేవీల నుంచి తీసుకున్నాడు. అది సరైన చోటే. అయితే మొత్తం జాబితా చూపించమంటే, అందులో కొన్ని లక్షల రూపాయల లావాదేవీలు కూడా సగటులో కలిసి ఉన్నాయి. 2023 జనవరి నుంచి ప్రైవేటు పద్ధతిలో జారీచేసే బాండ్ల ముఖ విలువను సెబీ 10 లక్షల నుంచి లక్షకు తగ్గించింది. దానితో చిన్న మదుపరులు ఆన్‌లైన్ వేదికల మీద కొనే చిన్న లావాదేవీలు బాగా పెరిగాయి. ఇది మంచి పరిణామమే. కానీ ఆ ధరల్లో వేదిక లాభం కలిసి ఉంటుంది, పెద్ద సంస్థల మధ్య కుదిరే ధరను అవి చూపించవు. అందుకని కనీసం 5 కోట్ల లావాదేవీలనే తీసుకుని, పరిమాణాన్ని బట్టి సగటు కట్టమన్నాను. అలా చేస్తే ఆ శుక్రవారం నిలిచే లావాదేవీలు కొద్దివే. ఆ మాట కూడా నోటులో ఉండాలి. కొద్ది లావాదేవీలతో కదిలిన ధర, నిండు మార్కెట్లో కదిలిన ధర ఒకటి కావు. డీలర్ దీన్ని మొదటి నిమిషంలోనే పట్టుకుంటాడు.

సర్క్యులర్‌ను సొంతంగా చదవడం

శుక్రవారం పొద్దున్నుంచి ఎక్కడ చూసినా 'వ్యక్తిగత రుణాలు ప్రియం' అన్న శీర్షికలే. అతని నోటు కూడా వాటి ఛాయలోనే ఉంది. శనివారం మూల సర్క్యులర్‌ను దగ్గర పెట్టుకుని చదవమన్నాను. అందులో ఎవరి మీద పడుతుందన్న దానికంటే ఎవరిని మినహాయించారన్నది మరింత ముఖ్యం. బ్యాంకుల వినియోగ రుణాల్లోంచి ఇంటి రుణాలు, విద్యా రుణాలు, వాహన రుణాలు, బంగారం తాకట్టు రుణాలు తీసేశారు. ఎన్‌బీఎఫ్‌సీల విషయంలో సూక్ష్మ రుణాలు కూడా తీసేశారు. ఎన్‌బీఎఫ్‌సీలకు బ్యాంకులిచ్చే అప్పుల్లో గృహ రుణ సంస్థలకిచ్చేవి, ప్రాధాన్య రంగం కిందికి వచ్చేవి మినహాయింపులో ఉన్నాయి.

అతని ప్రతిలో 'రేటింగ్ తక్కువున్న ఎన్‌బీఎఫ్‌సీల మీద భారం ఎక్కువ' అని ఉంది. సహజంగా అందరికీ తట్టే ఆలోచనే. లెక్క వేసి చూద్దామన్నాను. బ్యాంకు ఎన్‌బీఎఫ్‌సీకి ఇచ్చే అప్పు మీద రిస్క్ వెయిట్ ఎఎఎ రేటింగ్ ఉంటే 20 శాతం, ఎఎ అయితే 30, ఎ అయితే 50, బీబీబీ అయితే 100. సర్క్యులర్ తరువాత ఇవి వరసగా 45, 55, 75 అయ్యాయి. బీబీబీ అప్పటికే 100 దగ్గర ఉంది కాబట్టి ఈ నిబంధన కింద మారలేదు.

బ్యాంకుకు 9 శాతం కనీస మూలధనం, దాని మీద 2.5 శాతం పరిరక్షణ నిల్వ కలిపి 11.5 శాతం అనుకుందాం. 100 కోట్ల అప్పు ఎఎఎ సంస్థకు ఇస్తే ఇంతకుముందు 2.30 కోట్ల మూలధనం పక్కన పెట్టాలి. ఇప్పుడు దాదాపు 5.18 కోట్లు. ఎ రేటింగ్ సంస్థకైతే 5.75 నుంచి దాదాపు 8.63 కోట్లకు. అదనంగా పెట్టాల్సింది రెండుచోట్లా ఒక్కటే, 2.875 కోట్లు. నిష్పత్తిలో చూస్తే మాత్రం ఎఎఎ సంస్థకిచ్చే అప్పు మీద భారం రెండుంపావు రెట్లయింది, ఎ సంస్థ మీద ఒకటిన్నర రెట్లే. అతి తక్కువ మార్జిన్‌తో అప్పు తెచ్చుకునేది ఎఎఎ సంస్థలే కాబట్టి, వాళ్లకిచ్చే అప్పులోనే బ్యాంకు లాభం ఎక్కువగా కరిగిపోతుంది.

ఈ లెక్క చివరికి వచ్చేసరికి అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అంటే మేడమ్, బ్యాంకు ఈ అదనాన్ని వసూలు చేసుకోవాలంటే ఎంత పెంచాలి?" అని అతనే అడిగాడు. కాల్‌లో రాబోయే ప్రశ్న అదే. డిపాజిట్ల ఖర్చుకన్నా మూలధనం మీద బ్యాంకు 8 శాతం ఎక్కువ ఆశిస్తుందని అనుకుంటే, 2.875 కోట్ల మీద ఏడాదికి 23 లక్షలు. 100 కోట్ల మీద అది 23 బేసిస్ పాయింట్లు. ఇది ఊహ మీద నిలబడిన లెక్క అని, బ్యాంకు అంతా పెంచకపోవచ్చని నోటులో స్పష్టంగా రాశాడు. ఊహ ఏదో ముందే చెప్పిన లెక్కను ఎవరైనా గౌరవిస్తారు. ఊహను మింగేసి చివరి అంకె మాత్రమే చెప్పినదాన్ని ఎవరూ నమ్మరు.

ముందే వేసుకున్న ప్రశ్నలు

శనివారం మధ్యాహ్నం నోటును పక్కన పెట్టి, కాల్‌లో కూర్చునే ఒక్కొక్కరి స్థానంలో నిలబడి ప్రశ్నలు రాయించాను. ఈ అభ్యాసాన్ని నేను ఎన్నడూ వదలను. నోటు ఎంత బాగున్నా, ప్రశ్నలు రాసుకోని ఇంటర్న్ రెండో నిమిషంలో మౌనం వహించడం చాలాసార్లు చూశాను.

సేల్స్ వాళ్లు అడగబోయేది: 'నిబంధన బ్యాంకులకు కదా, మనం మ్యూచువల్ ఫండ్. మన బాండ్ల ఈల్డ్ ఎందుకు పెరగాలి?' చాలా న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు దారి పొడవునా చెప్పాలి. బ్యాంకు అప్పు ప్రియమైతే ఎన్‌బీఎఫ్‌సీలు బాండ్ల మార్కెట్ వైపు తిరుగుతాయి. అక్కడ సరఫరా పెరుగుతుంది. కొనేవాళ్లు ఎక్కువ ఈల్డ్ అడుగుతారు. మన దగ్గర ఇప్పటికే ఉన్న బాండ్ల విలువ ఆ కొత్త ఈల్డ్ ప్రకారం కడతారు కాబట్టి ఆ మేరకు తగ్గుతుంది. నాలుగు మెట్లు ఉన్నాయి, వీటిలో ఒకటి మింగేసినా వినేవాళ్లకు అందదు.

ఫండ్ మేనేజర్ అడగబోయేది: 'మన దగ్గరున్న ఏ సంస్థకు బ్యాంకు అప్పు వాటా ఎక్కువ?' దీనికి రేటింగ్ సంస్థల నివేదికలు, కంపెనీలు మూడు నెలలకోసారి పెట్టే ప్రదర్శనలు వెతికి, మా పోర్ట్‌ఫోలియోలోని ఒక్కో ఎన్‌బీఎఫ్‌సీకి అప్పుల కూర్పు పట్టిక తయారుచేశాడు. బ్యాంకులు, బాండ్లు, కమర్షియల్ పేపర్లు (స్వల్పకాలిక అప్పు పత్రాలు), విదేశీ అప్పులు ఒక్కోదాని వాటా ఎంతో అందులో వచ్చింది. పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్‌ఈసీ కూడా ఎన్‌బీఎఫ్‌సీలుగానే నమోదై ఉన్నాయన్న సంగతి అప్పుడే అతని దృష్టికి వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలు కదా అని వాటిని మొదట పక్కన పెట్టాడు. ఆ శనివారం మిగిలిన సమయమంతా ఆ పట్టికకే పట్టింది. నా దృష్టిలో ఆ వారం అతను చేసిన అత్యుత్తమ పని అదే, ఎందుకంటే అది ఎవరి తెర మీదా సిద్ధంగా లేదు.

రిస్క్ విభాగం అడగబోయేది: 'ఇది 2018 లాంటిదా?' ఆ ఏడాది ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ కొన్ని వారాల్లోనే ఎఎఎ రేటింగ్ నుంచి డి (చెల్లింపు తప్పిన) స్థాయికి పడిపోయింది. ఎన్‌బీఎఫ్‌సీలకు అప్పిచ్చేవాళ్లే కరువయ్యారు. అప్పుడు సమస్య అప్పు దొరకకపోవడం, ఇప్పుడు అప్పు ఖరీదు కావడం. పోలిక తేవచ్చు, కానీ ఆ తేడా చెప్పకుండా పోలిక తెస్తే భయం పుడుతుంది. రాబోయే మూడు నెలల్లో ఏ సంస్థ ఎంత తిరిగి చెల్లించాలో, దాని దగ్గర నగదు ఎంత ఉందో చూపిస్తే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు దొరుకుతుంది.

ఇక బజాజ్ ఫైనాన్స్ ఆదేశం. ఒక్క రోజు తేడాలో వచ్చాయి కాబట్టి రెండూ ఒకే కథ అని శుక్రవారం చాలామంది మాట్లాడారు. ఒకటి ఒక్క సంస్థ మీద, అదీ రెండు ఉత్పత్తుల మీద, పర్యవేక్షణ చర్య. కారణం సరిచేసుకుంటే తొలగిపోయేది. 2024 మే నెలలో తొలగిపోయింది కూడా. మరొకటి మొత్తం రంగానికి వర్తించే మూలధన నిబంధన. వీటిని నోటులో రెండు వేర్వేరు పేరాల్లో పెట్టించాను.

రేటింగ్ మార్పుల పట్టిక గురించి ఒక్క మాట. మన దేశంలో 'ఇష్యూయర్ సహకరించడం లేదు' అన్న ముద్రతో వచ్చే రేటింగ్ తగ్గింపులు చాలా ఉంటాయి. కంపెనీ సమాచారం ఇవ్వకపోవడం వల్ల తగ్గించినది, ఆర్థికస్థితి క్షీణించి తగ్గించినది ఒకే వరసలో రాయకూడదు. అలాగే అప్పు తీరిపోయి రేటింగ్ ఉపసంహరించుకోవడం చెడ్డ వార్త కాదు. ఇది మాత్రం మొదటి నుంచీ అతను శ్రద్ధగా చేసేవాడు.

వారం క్యాలెండరు కూడా నోటు అడుగున ఉంటుంది. మంగళవారం రాష్ట్ర ప్రభుత్వాల బాండ్ల వేలం, బుధవారం ట్రెజరీ బిల్లులు, శుక్రవారం కేంద్ర ప్రభుత్వ బాండ్ల వేలం. మంగళవారం వేలాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తరచు కనిపిస్తాయి కాబట్టి అతను వాటిని ఆసక్తిగా చూసేవాడు. డిసెంబర్ 8న ద్రవ్య విధాన నిర్ణయం, 15న ముందస్తు పన్ను చెల్లింపులు. ఇవి తేదీలే అయినా, నగదు ఎప్పుడు బిగుసుకుంటుందో చెప్పేవి ఇవే.

సోమవారం ఉదయం

మాట్లాడాల్సినదాన్ని అతను కాగితం మీద పూర్తి వాక్యాలుగా రాసుకోలేదు. నేను వద్దన్నాను. చదివితే వినేవాళ్లకు తెలిసిపోతుంది. అంకెలు మాత్రం ఒక చిన్న కాగితం మీద, వరస మాత్రం మనసులో. ముందు రాత్రి ఫైనల్ ఓడిన బాధలో ఉన్న బృందం అది, ఎవరికీ ఎక్కువసేపు వినే ఓపిక లేదు.

మొదటి వాక్యంలోనే సారం చెప్పాడు: 'మూడేళ్ల ఎన్‌బీఎఫ్‌సీ స్ప్రెడ్ 14 పెరిగింది. అందులో 8 బాండ్ల వైపు నుంచి, 6 ప్రభుత్వ బాండ్ల వైపు నుంచి. శుక్రవారం లావాదేవీలు పలుచగా ఉన్నాయి కాబట్టి 8ని తుది అంకెగా తీసుకోకూడదు.' ఆ తరువాత సర్క్యులర్, మినహాయింపులు, మూలధనం లెక్క. ఆ లెక్క దగ్గర సీనియర్ ఫండ్ మేనేజర్ ఆపి, 8 శాతం ఊహ ఎక్కడిదని అడిగాడు. మా ఇంటర్న్ తడబడకుండా అది ఊహేనని, 5 అనుకుంటే దాదాపు 14 పాయింట్లు, 10 అనుకుంటే 29 వస్తాయని చెప్పాడు. రెండు వైపులా లెక్కవేసి పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు కూడా ముందు తెలియదు. ఆ జవాబుతో చర్చ ఊహ మీద నుంచి విషయం మీదికి మళ్లింది.

సేల్స్ అధిపతి తమ పంపిణీదారులు పొద్దున్నే ఫోన్లు చేస్తున్నారని, మదుపరికి నష్టం ఎంతని అడిగింది. దీనికి కూడా ఉదాహరణ అంకెలతోనే చెబుతాను. ఫండ్‌లో ఎన్‌బీఎఫ్‌సీ బాండ్లు 20 శాతం, వాటి మోడిఫైడ్ డ్యూరేషన్ (ఈల్డ్ ఒక శాతం మారితే ధర ఎన్ని శాతం మారుతుందో చెప్పే కొలత) రెండున్నర ఏళ్లు అయితే, ఈల్డ్ 8 పాయింట్లు పెరగడం వల్ల ఫండ్ విలువ 4 పాయింట్లు, అంటే 0.04 శాతం తగ్గుతుంది. 10 లక్షలు పెట్టిన మదుపరికి 400 రూపాయలు. అదే ఫండ్‌లో 30 శాతం ప్రభుత్వ బాండ్లు ఉండి, వాటి డ్యూరేషన్ కూడా అంతే అయితే, 6 పాయింట్ల తగ్గుదల వల్ల 450 రూపాయలు లాభం. పంపిణీదారుకు ఫోనులో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన మాట ఉండదు. ముల్లు ఎటు కదిలిందో విడదీయడం నోటు అందంగా ఉండటానికి కాదని, అది మదుపరి దాకా చేరుతుందని ఆ జవాబుతో అందరికీ అర్థమైంది.

ఒక ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. ఒక మధ్యస్థ ఎన్‌బీఎఫ్‌సీకి బ్యాంకు అప్పుల్లో ప్రాధాన్య రంగం కిందికి వచ్చే వాటా ఎంతని రిస్క్ విభాగం అడిగింది. ఆ వాటా మీద కొత్త నిబంధన వర్తించదు కాబట్టి అది చాలా సూటి ప్రశ్న. "ఇది నా దగ్గర లేదు, మధ్యాహ్నంలోగా పంపిస్తాను" అన్నాడు. పంపించాడు కూడా. కంపెనీ ప్రదర్శనలో ఆ వివరం లేకపోతే రేటింగ్ నివేదికలో వెతికి, అక్కడా లేకపోతే కంపెనీ ఖజానా విభాగానికి మా విశ్లేషకుడి ద్వారా అడిగించాడు. కాల్‌లో చెప్పలేకపోయిన ప్రశ్నలకు ఒక పట్టిక అప్పుడే మొదలైంది. ఎవరు అడిగారు, ఏం అడిగారు, జవాబు ఎప్పుడు వెళ్లింది అన్నవి అందులో ఉంటాయి. తరువాత వచ్చిన ఇంటర్న్‌లందరూ దాన్నే పొడిగిస్తూ వస్తున్నారు. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చదవమనేది ఆ పట్టికనే. మా కాల్‌లో ఏ ప్రశ్నలు వస్తాయో దానికంటే బాగా చెప్పే పుస్తకం నాకు తెలియదు.

ఆ నోటు తరువాతి వాడకం

2025 ఫిబ్రవరి 25న రిజర్వు బ్యాంకు ఎన్‌బీఎఫ్‌సీలకిచ్చే బ్యాంకు అప్పుల మీద పెంచిన 25 పాయింట్లను వెనక్కి తీసుకుంది. ఏప్రిల్ 1 నుంచి పాత రిస్క్ వెయిట్లే అమల్లోకి వచ్చాయి. వ్యక్తిగత రుణాల మీద, కార్డుల మీద పెంచినవి అప్పుడు అలాగే ఉంచింది. అప్పటికి మా దగ్గర వేరే ఇంటర్న్ ఉంది. విశాఖపట్నం నుంచి వచ్చిన అమ్మాయి. 2023 నాటి మూలధనం పట్టికను తీసి, బాణాలు తిప్పి, ఎఎఎకు 45 నుంచి 20, ఎకు 75 నుంచి 50 అని రాసుకుంది.

అంతవరకు సులువే. ఆ తరువాత ఆమె నన్నడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "మేడమ్, ఈ నెలలోనే రెపో రేటు కూడా 6.25కి తగ్గింది కదా. ఇప్పుడు ఎన్‌బీఎఫ్‌సీ బాండ్ల ఈల్డ్ దిగితే, రేటు వల్ల ఎంత, బ్యాంకు అప్పు చవకవడం వల్ల బాండ్ల సరఫరా తగ్గి ఎంత అని ఎలా విడదీయాలి?"

గృహ రుణ సంస్థల బాండ్లతో పోల్చి చూడమన్నాను. వాటికి 2023లోనూ ఈ నిబంధన వర్తించలేదు, 2025లోనూ వర్తించదు. రేటు తగ్గింపు మాత్రం రెండింటికీ ఒకటే. ఒకే రేటింగ్, ఒకే కాలపరిమితి గల గృహ రుణ సంస్థ బాండునూ, ఎన్‌బీఎఫ్‌సీ బాండునూ పక్కపక్కన పెడితే, వాటి మధ్య మారిన తేడా చాలావరకు రిస్క్ వెయిట్‌ది. ఆ వారం ఆమె నోటులో ఆ రెండు గీతల చిత్రం మొదటి పేజీలోనే వచ్చింది, కాల్‌లో చర్చ అక్కడి నుంచే మొదలైంది.